పదకొండు కిలోల చోటు

గొరోకా,
ఏప్రిల్ 12, 2017

బావా,

అరిమె చివరి రోజు ఎలా గడిచిందో రాయమని అడిగావు. నీకు చెల్లెలు, నాకు భార్య. నీకు తెలియాలి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మార్చి 16, గురువారం. ఐదున్నరకు లేచింది. ఆరింటికి రేడియో గదిలో కూర్చుంది. ఇరవై మూడు కొండ ఊళ్ళను వరసగా పిలిచింది. ఎక్కడ మబ్బు ఉందో, ఏ రన్‌వే తడిగా ఉందో అడిగి పైలట్ల కోసం రాసుకుంది. పదిహేడేళ్ళుగా చేసిన పనే. ప్రతి ఊరినీ చివర్లో ఎప్పటిలాగే "ఈ పూట ఏం వండారు" అని అడిగింది. మీ ఓరుమాపె ఆఖరిది. నువ్వు గుమ్మడాకు అన్నావు. "మళ్ళీనా, అన్నయ్యా" అంది. మిగతా ఇరవై రెండు ఊళ్ళూ విని నవ్వి ఉంటాయి.

ఏడింటికి రేడియోలోనే నన్ను పిలిచింది. "వర్క్‌షాప్, వర్క్‌షాప్, నీ టీ చల్లారిపోతోంది." నేను విమానం తోకలో తల దూర్చి ఉన్నాను. వెళ్ళేసరికి నిజంగానే చల్లారింది. తాగాను.

మధ్యాహ్నం సంతకు వెళ్ళాం. టమాటాలమ్మే ఆవిడతో "ఇవి నిన్నటివి" అంది. ఆవిడ కాదంది. అరిమె నవ్వి, ఆవిడ పక్కనే కూర్చుంది. మళ్ళీ లేవలేదు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. గుండె అని చెప్పారు డాక్టరు. బాధ పడలేదు.

తరవాత మూడు రోజులు మీ కొండ మీద మబ్బు కదలలేదు, నిన్ను అంత్యక్రియలకు తెచ్చే విమానం దిగలేకపోయింది. నువ్వు మూడు రోజులూ రన్‌వే పక్కన నిలబడే ఉన్నావని జోలిన్ చెప్పింది. ఆఫీసు అమ్మాయి, ఇప్పుడు రేడియోలో పిలుస్తున్నది తనే. ఆ మబ్బు మీద నాకు కోపం లేదు. నీకూ వద్దు.

నేను రేడియో గదిలోకి వెళ్ళడం లేదు.

ఇంకో సంగతి. విమానాల్లో పాత రేడియోలు తీసేసి కొత్తవి పెడుతున్నాం. ఆ పని నేను చూస్తున్నాను. వివరాలు తరవాత.

వర్క్‌షాప్ నుంచి,
బావ


ఓరుమాపె,
ఏప్రిల్ 20

నా బావకి నీ బావ రాసేది.

నీ ఉత్తరం పొడుగాయన విమానం దిగీ దిగగానే చేతిలో పెట్టాడు. నాలుగుసార్లు చదివాను. మెరాబ్‌కి చదివి వినిపించాను. టమాటాల దగ్గరికి వచ్చేసరికి తను ఏడ్చింది, నేను నవ్వాను. రెండోసారి చదివినప్పుడు మార్చుకున్నాం. "చివరి గంటలో కూడా నిన్నటి టమాటా కొనలేదు మా ఆడపడుచు" అని ఊరంతా చెప్పుకుంటూ తిరుగుతోంది.

పొడుగాయన అంటే గుర్తొచ్చింది. ఆయన అసలు పేరు మా ఊళ్ళో ఎవరూ పలకరు, ఎందుకో నీకు తెలుసా? న్యూజిలాండ్ నుంచి వచ్చిన మొదటి రోజు రేడియోలో తన పేరు చెప్పాడు. అది మీ నాన్నగారి పేరే అయి కూర్చుంది. మామగారి పేరు కోడలి నోట రాకూడదు గదా, వస్తే తోటలో చిలగడదుంపలు కుళ్ళిపోతాయి. చెల్లెలు ఒక నిమిషం పలకలేదు. విమానం గాలిలో తిరుగుతోంది, మేమంతా వింటున్నాం. చివరికి "బాబూ, నువ్వు ఎంత ఎత్తుంటావు?" అని అడిగింది. ఆరడుగుల నాలుగంగుళాలు అన్నాడు పాపం. "సరే పొడుగాయనా, దిగు" అంది. అంతే. ఇప్పుడు వాళ్ళావిడ కూడా అలాగే పిలుస్తోందట. మనిద్దరం మాత్రం తక్కువా, ఒకరి పేరు ఒకరం పలక్కుండా ఇరవై నాలుగేళ్ళు లాక్కొచ్చాం.

ఇక అసలు విషయం. సంతాపం విప్పే విందు అక్టోబరు 7, శనివారం. మెరాబ్ పందిని అప్పుడే కట్టేసింది, రోజూ తోముతోంది, నన్నెప్పుడూ అంత శుభ్రంగా ఉంచలేదు. నీ గడ్డం మా చేతుల మీదుగా దిగాలి. అంతదాకా కత్తి ముట్టుకోకు. విమానంలోనే రా. నడిచొస్తే నాలుగు రోజులు, నీ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు.

కొత్త రేడియో మాట్లాడదటగా? మెరాబ్ నమ్మడం లేదు. "మాట్లాడనివాళ్ళు కావాలంటే ఇంట్లోనే ఉన్నారు" అంది. నన్ను చూసి కాదులే, పందిని చూసి.

నీ గడ్డం కోసం కత్తి నూరుతూ,
బావ


గొరోకా,
మే 24

బావా,

గడ్డం పెరుగుతోంది. దురదగా ఉంది.

మొదటి విమానం పని అయిపోయింది. తోక నుంచి రెక్క దాకా ఉండే పొడుగు తీగ విప్పేశాం. పాత రేడియో, దాని బలం పెంచే రెండో పెట్టె, తీగ, అన్నీ కలిపి తూచాను. పదహారు కిలోలు. కొత్తది ఐదు. విమానంలో పదకొండు కిలోల చోటు మిగిలింది.

పాత రేడియోలో మాట ఆకాశానికి తగిలి కిందికి దిగేది. ఎండ ముదిరితే గరగర తప్ప ఏమీ వినిపించేది కాదు. కొత్తది ఉపగ్రహంతో పనిచేస్తుంది. మాట ఉండదు, అక్షరాలు వెళ్తాయి. విమానం ఏ కొండ పక్కన ఉందో రెండు నిమిషాలకోసారి మాకు తెర మీద కనిపిస్తుంది. మబ్బులో ఎవరైనా దారి తప్పితే వెతుక్కోవలసిన పని లేదు. ఇది మంచి పని. అరిమె ఉన్నా ఇదే అనేది, కొంచెం సణిగి.

మీ ఊరి యంత్రాన్ని ఈ విమానంలోనే పంపుతున్నాను. అరచేతిలో పడుతుంది. తెరిస్తే ఒకే ఒక్క చిరునామా ఉంటుంది. దాన్ని ఎంచుకో. వాతావరణం రాయి. బటన్ నొక్కు. ఆకాశం కనిపించే చోట పెట్టు.

నియమం ఇది. పాత రేడియో సెప్టెంబరు 30న మూసేస్తారు. ఆలోగా ప్రతి ఊరూ వరసగా ఏడు ఉదయాలు కొత్త యంత్రంలో వాతావరణం పంపి చూపించాలి. చూపించని ఊరికి అక్టోబరు ఒకటి నుంచి విమానం రాదు. కాఫీ గింజలూ కదలవు, జబ్బు చేసినవాళ్ళూ కదలరు. విందుకు నేనూ రాలేను. మొదటి వారంలోనే పూర్తి చేసెయ్యి.

బావ


ఓరుమాపె,
జూన్ 8

బావా,

యంత్రం అందింది. అందంగా ఉంది. తెరిచాను. మూశాను. భద్రంగా పెట్టాను. దాని గురించి ఇంతకంటే రాయలేను.

పదకొండు కిలోల సంగతి మీద ఊరి పెద్దలం కూర్చున్నాం. ఇరవై మూడు ఊళ్ళకి పంచితే తలా అరకిలో కూడా రాదు, అందరికీ అసంతృప్తే. అందుకని మొత్తం ఓరుమాపెకే ఇవ్వాలని తీర్మానించాం. రేడియోలో గొంతు ఎవరిది? అరిమెది. అరిమె పుట్టిల్లు ఏది? ఇదే. ఇంక వాదనేముంది. పదకొండు కిలోలంటే సరిగ్గా ఒక పందిపిల్ల, చెవులు పట్టుకుని తూస్తే. పొడుగాయనకి చెప్పు.

ఒక్క మాట అడగాలనుంది, మూడు రోజులుగా అడగాలా వద్దా అని తిరుగుతున్నాను. నువ్వు చదువుకున్నవాడివి. నువ్వు చేసిన పని తెలిసి చేశావా, మరిచిపోయి చేశావా? ఏదైనా సరే చెప్పు. పాత రేడియోలో అడగలేను, ఇరవై రెండు ఊళ్ళు చెవులు రిక్కించుకుని ఉంటాయి. నీ జవాబు వచ్చేదాకా మబ్బు సంగతి జోలిన్‌కి పాత రేడియోలోనే చెబుతుంటాను.

మెరాబ్ నిన్ను అడిగానని చెప్పమంది. ఆమెకి కూడా కొంచెం కోపం వచ్చింది, పెద్దది కాదు.

బావ (అనే అనుకుంటున్నాను)


గొరోకా,
జూన్ 28

బావా,

నువ్వు అడిగినదానికి జవాబు. తెలిసే చేశాను. ఆ పని ఇంకొకరి చేతిలో పడకూడదని అడిగి మరీ తీసుకున్నాను. నీకు కష్టంగా ఉంటుందని ముందే అనుకున్నాను. నాకూ ఉంది. కాని కాలం మారింది.

ఇరవై రెండు ఊళ్ళు పలికాయి. మీది పలకలేదు. పొడుగాయన చెప్పాడు, మీ ఇంట్లో యంత్రం వంట కుండలో ఉందని, కుండకు మూత ఉందని, మూత మీద రాయి ఉందని. కుండలో నుంచి ఉపగ్రహం కనిపించదు. బయటికి తియ్యి.

ఒకవేళ లోపం యంత్రంలోనే ఉందేమోనని ఇంకొకటి పంపుతున్నాను. ఎండతో బ్యాటరీ నిండే సోలార్ పలక కూడా ఉంది. మేకు మీద తగిలించు.

బరువు లెక్క పైలట్ చేతిలో ఉంటుంది, తీర్మానాలతో కుదరదు. అయినా పందిపిల్ల గురించి అడిగాను. పొడుగాయన చాలాసేపు నవ్వాడు. కాదనలేదు.

మెరాబ్‌కి నా నమస్కారాలు. కోపం ఎందుకో రాయలేదు.

బావ


ఓరుమాపె,
జూలై 20

బావకి,

తెలిసే చేశానన్నావు. అడిగి మరీ తీసుకున్నానన్నావు. సరే. నేను ఈ ఉత్తరం చదువుతుంటే మెరాబ్ నా మొహం చూసి "ఏమన్నాడు" అంది. "వాతావరణం బాగుందట" అన్నాను.

రెండో యంత్రం కూడా మొదటిదాని మాటే అంటోంది. దాన్నీ కుండలోనే పెట్టాను. ఉన్న పెద్ద కుండ అదొక్కటే. నెల రోజులుగా పక్కింట్లో తింటున్నాం, వాళ్ళు ఇప్పుడు మమ్మల్ని చూడగానే పొయ్యి ఆర్పేస్తున్నారు. దీనికంతా నువ్వే కారణం.

ఇంట్లో వదిలితే ఎవరైనా తెరుస్తారని ఆదివారం కుండని చర్చికి మోసుకెళ్ళాను, ప్రార్థన మధ్యలో లోపలి నుంచి కూసింది. మూత తీశాను ఆపుదామని. తెర వెలిగింది. వెలిగితే అందులో ఏం కనిపిస్తుందో పెట్టినవాడివి నీకు తెలుసు. పాస్టరు గారు వంగి, చదవడానికి నోరు తెరిచారు. మెరాబ్ నాలుగు వరసల అవతల నుంచి తువ్వాలు విసిరింది. సరిగ్గా యంత్రం మీద పడింది. పెళ్ళిలో పూలు విసరమంటే గురి తప్పిన మనిషి.

కాలం మారిందన్నావు. మారనీ. మా చిలగడదుంపలకి ఆ సంగతి ఎవరు చెబుతారు?

పంది బాగుంది. నీ సంగతి అడుగుతోంది.

కుండ లేని ఇంటి నుంచి,
బావ


గొరోకా,
ఆగస్టు 16

బావా,

చిలగడదుంపలు కుళ్ళుతున్నాయని నీ ఉత్తరం వల్ల అర్థమైంది. వ్యవసాయ శాఖ వారిని అడిగాను. ఒక సీసా మందు ఇచ్చారు, పంపుతున్నాను. బకెట్ నీళ్ళకు రెండు మూతలు. తీగల మొదళ్ళలో పోయాలి. పిల్లలకు అందకుండా పెట్టు.

యంత్రం గురించి ఆఖరిసారి రాస్తున్నాను. పాత రేడియో మూయడానికి ఆరు వారాలు ఉంది. ఏడు ఉదయాలు చాలు. మూడు విమానాల్లోనూ మార్పు అయిపోయింది, ఇక వెనక్కి వెళ్ళే దారి లేదు. మేనేజరు జాబితాలో ఓరుమాపె పక్కన ప్రశ్న గుర్తు పెట్టాడు. గడువు దాటితే గీత కొట్టేస్తాడు.

పాత రేడియోలో నీ చెల్లెలి గొంతు ఉండేది. అందుకే నువ్వు దాన్ని వదల్లేకపోతున్నావని నాకు తెలుసు. ఆ గొంతు ఇప్పుడు అందులోనూ లేదు. నేనూ ఇన్నాళ్ళుగా ఆ గది తలుపు తీయలేదు. నీకు చెప్పే అర్హత లేదు. అయినా చెబుతున్నాను. విమానం రాకపోతే రేపు మీ ఊళ్ళో ఎవరి భార్యకో గుండె ఆగితే ఏం చేస్తారు?

నా మీద కోపమైతే ఉండనీ. బటన్ నొక్కు.

బావ


ఓరుమాపె,
ఆగస్టు 31

మందు సీసా అందింది. దుంపలకి ఏ తెగులూ లేదు. అదే నేను కాపాడుకొస్తున్నది.

చెల్లెలి గొంతు కోసం కాదు. ఆ గొంతు నాకు రేడియో లేకపోయినా వినిపిస్తుంది, ముఖ్యంగా గుమ్మడాకు తింటున్నప్పుడు.

ఒక్కటే అడుగుతాను, ఈసారి తిన్నగా. అరిమె పోయాక కూడా నేను నీకు బావనేనా? కాదంటే చెప్పు. అప్పుడు నువ్వు నన్ను పేరు పెట్టి పిలువు, నేనూ నిన్ను పిలుస్తాను, ఆ పెట్టెలో వెలుగుతున్నదాన్ని వేలితో ముట్టుకుంటాను, బటన్ నొక్కుతాను, విమానం వస్తుంది, ఊరు బతుకుతుంది. అవునంటే మాత్రం ఆ పని నా చేత చేయించకు.

పందికి ఇంకా తిండి పెడుతూనే ఉన్నాను.


గొరోకా,
సెప్టెంబరు 6

బావా, బావా, బావా.

ముందు ఇది రాస్తున్నాను. నీ ప్రశ్నకు జవాబు ఇదే.

నీ ఉత్తరం మూడుసార్లు చదివినా నాకు అర్థం కాలేదు. పెట్టెలో వెలుగుతున్నది ఏమిటని ఆలోచించాను. మీ ఊరి పాత రికార్డులు చూద్దామని రేడియో గది తలుపు తీశాను. మార్చి తరవాత మొదటిసారి. జోలిన్ టీ పెట్టడానికి వెళ్ళింది.

బల్ల సొరుగులో నీలం అట్ట నోటుపుస్తకం ఉంది. అరిమె రాత. ఒక్కో ఊరికి ఒక్కో పేజీ. ఎడమ వైపు మబ్బు ఏ గంటకు విడుతుందో, ఎవరికి ఏ చెవి సరిగా వినిపించదో, ఎవరి పిల్లలకు పరీక్షలున్నాయో రాసి ఉంది. కుడి వైపు, ఆ ఊరి రేడియో మనిషి ముందు పలకకూడని పేర్లు. మామగారి పేర్లు, వదినల పేర్లు, బావల పేర్లు. ప్రతి పేరు పక్కన బదులుగా ఏమనాలో. 'గడ్డపాయన.' 'మిషన్ కుట్టే ఆవిడ.' 'పొడుగాయన.'

ఓరుమాపె పేజీలో కుడి వైపు నా పేరు ఉంది. కింద ఇలా రాసింది: "మా అన్నయ్య వింటాడు. వర్క్‌షాప్ అనాలి. నేను కూడా."

పదిహేడేళ్ళు ఆమె నన్ను రేడియోలో వర్క్‌షాప్ అని పిలిచింది. ఆఫీసు మర్యాద అనుకున్నాను. ఒకసారి నొచ్చుకున్నాను కూడా. నీ కోసం అని నాకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద విషయంగా ఆమెకు అనిపించి ఉండదు.

జరిగింది చెబుతాను. ఆఫీసు కాగితంలో 'బాధ్యుడి పేరు' అని ఒక గడి ఉంది. నా పేరు రాశాను. అది ఇరవై మూడు యంత్రాల్లోకీ చిరునామాగా వెళ్ళింది. ఆ క్షణాన అది నాకు గడి నింపే అక్షరాలుగానే కనిపించింది. మిగతా ఇరవై రెండు ఊళ్ళలో నాకు చుట్టాలు లేరు. వాళ్ళు నొక్కారు. నువ్వు నొక్కలేవు. మా బావ చేత నా పేరు ముట్టించాలని చూశాను, పైగా దుంపలకు మందు పంపాను.

తెలిసే చేశానన్నది పాత రేడియోలు తీసేయడం గురించి. నువ్వు అడిగింది అదే అనుకున్నాను. దీన్ని మరిచిపోయి చేశాను. క్షమించు. మెరాబ్‌ని కూడా క్షమించమను. కుండ కొత్తది పంపుతున్నాను.

ఈరోజు ఆ గడిలో నా పేరు కొట్టేశాను. ఖాళీగా వదలకూడదన్నారు. 'బావ' అని రాశాను. గడి ఒక్కటే కాబట్టి అది అన్ని ఊళ్ళ యంత్రాల్లోకీ వెళ్తుంది. వెళ్ళనీ.

మూత మీద రాయి తీసి చూడు.

బావ


కొత్త యంత్రంలో వచ్చినది,
సెప్టెంబరు 8, ఉదయం 6.04

బావా. ఓరుమాపె. మబ్బు రెండో కొండ మీద ఉంది, ఏడింటికి విడుతుంది. గాలి లేదు. రన్‌వే మీద పందులు లేవు. గుమ్మడాకు. బావ.


ఓరుమాపె,
సెప్టెంబరు 14

నా అసలైన బావకి, నీ అసలైన బావ రాసేది.

ఈ ఉదయంతో ఏడు పూర్తి. జోలిన్ పాత రేడియోలో "ఓరుమాపె పక్కన ప్రశ్న గుర్తు చెరిపేశారు" అని చెప్పగానే మెరాబ్ కొత్త కుండ మోగించింది. సొట్ట పడింది. ఇంకోటి పంపకు, ఇలాగే బాగుంది.

నిన్ను క్షమించాను. మెరాబ్ కూడా క్షమించింది, కాని దుంపల మందు కథ ఇంకో పదేళ్ళు చెబుతానంటోంది. ఇప్పటికే నలుగురికి చెప్పింది.

నువ్వు చేసిన పని వల్ల పాత రేడియోలో ఏం గోల లేచిందో తెలుసా? తెల్లారేసరికి అందరి తెర మీదా 'బావ' అని పడింది. వయాగు ఊరివాడు "ఎవరి బావ ఇతను?" అని అడిగాడు. "నా బావ, ముట్టుకోకండి" అన్నాను. తింబేలి ముసలాయన గొంతు సవరించుకుని "అరిమెని మనమంతా ఏమని పిలిచాం?" అన్నాడు. అక్కా అని పిలిచాం అన్నారు. "అక్క మొగుడు మనకి బావ కాక ఇంకేమవుతాడు?" అన్నాడు.  తర్వాత ఇరవై రెండు గొంతులు ఒకేసారి లేచాయి, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

ఇరవై నాలుగేళ్ళు నేనొక్కణ్ణే ఉన్నాను నీకు. ఒక్క పూటలో ఇరవై ముగ్గురమయ్యాం. సీనియర్‌ని నేనే అని, గడ్డం మీద మొదటి కత్తి నాదే అని అప్పటికప్పుడు ప్రకటించాను. కాదన్నవాడు లేడు. ఇంకో సంగతి, వాళ్ళంతా నీకు బావలయ్యారు కాబట్టి నీ పేరు ఇక ఈ కొండల్లో పలికేవాడు లేడు. ఎవరైనా అరిచి పిలిస్తే అది నీ కోసం కాదనుకో.

అందరూ విందుకి ఏదో ఒకటి పంపుతామంటున్నారు. పొడుగాయన పదకొండు కిలోల గురించి గట్టిగా ఆలోచించుకోవాలి.

బావ, పెద్ద బావ


గొరోకా,
అక్టోబరు 4

బావా,

సెప్టెంబరు 30న నువ్వూ రేడియో ముందే ఉన్నావు. అయినా రాస్తున్నాను. నాకు రాసి పెట్టుకోవాలని ఉంది.

ఆరింటికి వెళ్ళాను. జోలిన్ లేచి కుర్చీ ఇచ్చింది. అరిమె కుర్చీ ఒక వైపు ఒరుగుతుంది, ఇన్నేళ్ళూ బాగుచేయమని అడిగింది, చేయలేదు. ఒరిగే కూర్చున్నాను. నీలం పుస్తకం తెరిచి పెట్టుకుని వరసగా పిలిచాను. ఎవరి ముందూ తప్పు పేరు పలకలేదు. వాతావరణం కొత్త యంత్రంలో అప్పటికే వచ్చేసింది, అడగవలసిన పనే లేదు. ఆమె అడిగే ప్రశ్న అడగడం నా వల్ల కాలేదు. వాళ్ళే చెప్పారు. వయాగు, చేమదుంప. తింబేలి, అరటికాయ. ఇరవై రెండు ఊళ్ళూ ఆ పూట ఏం వండాయో చెప్పాయి. రాసుకున్నాను.

ఆఖరున నువ్వు గుమ్మడాకు అన్నావు.

నేను "మళ్ళీనా" అన్నాను.

ఇరవై రెండు ఊళ్ళు నవ్వడం అప్పుడు విన్నాను. ఇన్నేళ్ళూ ఆమె అది వింటూ ఉండేదని అప్పుడు తెలిసింది. స్విచ్ కిందికి నొక్కాను. గరగర ఆగిపోయింది. జోలిన్ టీ ఇచ్చింది. వేడిగానే తాగాను.

ఆరోజు నుంచి మూడు విమానాలూ పదకొండేసి కిలోలు మోసుకొస్తున్నాయి. చేమదుంపలు, అనాసలు, చెరుకు. ఒక కోడి వచ్చింది, తీసేసిన పాత రేడియో పెట్టె మీద కూర్చుని గుడ్డు పెట్టింది. వర్క్‌షాప్‌లో పని ఆగింది. నిన్న తింబేలి నుంచి వచ్చిన మూట పన్నెండున్నర కిలోలు తూగితే పొడుగాయన తన టిఫిన్ డబ్బా దించేసి అక్కడివాళ్ళకు ఇచ్చాడట. నియమం నియమమే అన్నాడు. మీ పందిపిల్లను నేను తిరిగొచ్చే విమానంలో ఎక్కించుకుంటాడట, నీ చెవుల లెక్క కాకుండా త్రాసు లెక్కతో.

పాత తీగ ముక్క ఒకటి ఉంచాను. మెరాబ్ బట్టలు ఆరేసుకోవడానికి సరిపోతుంది.

గడ్డం ఛాతీ దాకా వచ్చింది. అద్దంలో చూస్తే నాన్న కనిపిస్తున్నాడు. అరిమె ఉంటే నన్ను కూడా పేరు పెట్టి పిలవడానికి వెనకాడేది.

రేపు ఉదయం ఆరింటికి తెర ముందు కూర్చుంటాను. రన్‌వే మీద పందులు లేవని నువ్వు రాయగానే అరిమె నూలు సంచిలో నీలం పుస్తకం, తీగ చుట్ట, ఈ ఉత్తరం పెట్టుకుని మొదటి విమానం ఎక్కుతాను. దిగాక ఉత్తరం నీ చేతికిచ్చి, నువ్వు చదివేదాకా పక్కన కూర్చుంటాను.

బావ